స్టిక్కరాయన కాపలా

తాళం వేశాక స్టిక్కరాయన మూడుసార్లు లాగి చూస్తాడు. రెండుసార్లు చూసి ఊరుకున్న పాపాన ఎన్నడూ పోలేదు. మొదటిసారి మన చెయ్యి మోసం చెయ్యొచ్చట, రెండోసారి తాళం మోసం చెయ్యొచ్చట, మూడోసారికి గానీ ఇద్దరి బండారమూ బయటపడదట. గ్యాసు కట్టినా అంతే, పంపు కట్టినా అంతే. "బయట వాన పడుతోందండీ" అని భార్య చెబితే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసేదాకా నమ్మడు. తడిసిన చేతిని కూడా ఓసారి అనుమానంగా చూసుకుంటాడనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి దొరికిన వృత్తి కూడా అలాంటిదే. పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. పాతవంటే మరీ పాతవి, ఒక్క తెర ఎత్తాలంటేనే ఇద్దరు మనుషులు కావలసిన కాలం నాటివి. అందులోనూ ఆయన చెయ్యి తిరిగింది ఆ రోజుల ఆటల్లో. ఇప్పుడు నలభైల్లో పడిన మగాళ్ళూ ఆడాళ్ళూ అటక మీంచి దుమ్ముకొట్టుకున్న పెట్టెలు దింపుకుని, "చిన్నప్పుడు ఆడుకున్న ఆటండీ, మెమరీ చాలదంటోంది" అనీ, "బొమ్మ వస్తోంది గానీ సౌండు రావట్లేదు" అనీ ఆయన ఇంటి ముందు గదికి మోసుకొస్తారు. కొత్త షాపుల వాళ్ళకి ఆ పెట్టెలు చూస్తే నవ్వొస్తుంది. ఈయనకి నవ్వు రాదు. అనుమానం వస్తుంది.

"ఎవరు ముట్టుకున్నారు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఏ ఇంటివాళ్ళని అడిగినా జవాబు ఒక్కటే, ఎవరూ ముట్టుకోలేదండీ అని. అందుకని ఓ పుస్తకం పెట్టాడు. పొడుగాటి పుస్తకం, పేజీకి మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క 'వాళ్ళు చెప్పింది', కుడి పక్క 'దొరికింది'. ఎడమ పక్క 'ఎవరూ ముట్టుకోలేదు' అనుంటే కుడి పక్క 'లోపల సగం కొరికిన బిస్కెట్టు'. ఎడమ పక్క 'దానంతటదే ఆగిపోయింది', కుడి పక్క 'స్క్రూలు మూడు లేవు, ఫ్యాన్లో జడపిన్ను'. ఇలాంటివి ఐదు పుస్తకాలు నిండాయి. ఎవరైనా ఆయన్ని పట్టుకుని "మరీ ఇంత అనుమానమా" అంటే, ఆ పుస్తకాలు తెచ్చి ముందు పడేస్తాడు. ఇంక ఎదుటివాడు నోరెత్తడు.

ఇంతకీ స్టిక్కరెక్కడిదంటారా. బాగుచేసిన ప్రతి పెట్టెకీ మూత అతుకు మీద పసుపు స్టిక్కరు అంటించి, దానిమీద నంబరేసి, అడ్డంగా సంతకం పెడతాడు. ఎవరైనా మూత తెరిస్తే సంతకం రెండు ముక్కలవుతుంది. పెట్టె మళ్ళీ ఆయన దగ్గరికొస్తే ముందు మనిషి మొహం చూడడు, స్టిక్కరు చూస్తాడు.

ఓ బుధవారం పొద్దున పళ్ళ డాక్టరొకాయన ఇలాగే పెట్టె పట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మనిషి నెమ్మదస్థుడు. బల్లమీద పెట్టెను దించి రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఏమిటి దీని బాధ?" అన్నాడు స్టిక్కరాయన.

"ఆట మొదలవుతుందండీ. బొమ్మలొస్తాయి, మనుషులు నోళ్ళు కదుపుతారు. మాట మాత్రం రాదు. సంగీతం లేదు, చప్పుడు లేదు. సముద్రం ఒడ్డున లైటుహౌసులో ఓ ముసలాయన ఉంటాడు. ఆయన చెప్పే గుర్తులు వింటే గానీ తరవాతి తలుపు తెరుచుకోదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఆ తలుపు దగ్గర ఆగిపోయాను. ఇరవై ఆరేళ్ళయింది, ఇంకా అక్కడే ఉన్నాను."

"ఎవరు ముట్టుకున్నారు?"

"అటకెక్కించిన రోజునుంచి ఎవరూ ముట్టుకోలేదు. మొన్న దింపి ఒక్కసారి ఆన్ చేశాను, అంతే."

'అంతే' అన్న మాట స్టిక్కరాయనకి అస్సలు గిట్టదు. ఊఁ కొట్టి, పుస్తకంలో ఎడమ పక్క రాసుకుని, పెట్టెను పక్కకి తిప్పాడు. తిప్పి అలాగే ఉండిపోయాడు. మూత అతుకు మీద పసుపు స్టిక్కరు. రంగు వెలిసింది గానీ చెక్కుచెదరలేదు. నంబరు రెండువందల పన్నెండు. సంతకం తనదే.

ఆ నంబరు ఆయన మర్చిపోదామన్నా మర్చిపోలేడు.

"మిమ్మల్నిక్కడికి ఎవరు పంపారు?" అన్నాడు, గొంతు మార్చి.

"మా క్లినిక్కు బిల్డింగులో లిఫ్టు చూసే ఆయనండీ. పన్ను సలిపి, దవడ వాచి నిన్న నా దగ్గరికొచ్చారు. మాటల్లో ఈ పెట్టె సంగతొచ్చింది. దానికి పసుపు స్టిక్కరుందా అని అడిగారు. ఉందన్నాను. అయితే ఇంకెవ్వరికీ ఇవ్వకండి, మా అన్నయ్య దగ్గరికే తీసుకెళ్ళండి అన్నారు. ఆదివారం వాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోతున్నారట కదా, ఆలోపు బాగైతే ఓ మాట చెప్పమన్నారు."

డాక్టరు వెళ్ళిపోయాక స్టిక్కరాయన కుర్చీలో కూలబడి ఆ స్టిక్కరుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒకే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల ఉంటున్న సొంత తమ్ముడు. ఇరవై ఆరేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు ఊరొదిలి పోతూ పోతూ, ఏ పెట్టె దగ్గర ఇద్దరూ విడిపోయారో సరిగ్గా ఆ పెట్టెనే పంపించాడు. ఇందులో ఏదో ఎత్తు ఉంది. ఉండి తీరాలి. లేకపోతే ఎవరైనా తన తప్పును తనే మోయించి పంపిస్తారా?

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఈ ముందు గదిలోనే ఒకే బల్లకి చెరో పక్క కూర్చుని పనిచేసేవారు. పెద్దాడు స్టిక్కరాయన. ఏడేళ్ళు చిన్నవాడు తమ్ముడు, లోకం మీద ఒక్క ఫిర్యాదూ లేనివాడు, ఎవరేం చెప్పినా తలూపేవాడు. 'ఎవరూ ముట్టుకోలేదండీ' అంటే, "అవునవును, వీటికి ఒక్కోసారి అలా అవుతుందండీ" అని వాళ్ళనే ఓదార్చేవాడు. అన్నయ్యకి ఒళ్ళు మండేది. స్టిక్కరు చాలదని చివరికి ఓ ప్రోగ్రాం రాశాడు. దానికి 'కాపలాదారు' అని పేరు. మెషీను ఆన్ చెయ్యగానే చప్పుడు చెయ్యకుండా మెమరీలో చేరి కూర్చుంటుంది. ఎవరు ఏ ఫైలు మార్చినా టైము రాసి పెడుతుంది, మార్చిన ఫైలుకి ఓ నకలు తీసి దాచుతుంది. తనని ఆపి ఉంచినప్పుడు మారినవి కూడా, మళ్ళీ మొదలవగానే పట్టేస్తుంది. పైగా ఇంటివాళ్ళు కనిపెట్టి తీసేస్తారేమోనని దానికి దొంగపేరు తగిలించాడు. మెషీను మొదలయ్యేటప్పుడు చదివే ఫైల్లో అది 'కీబోర్డు సాయం' అన్న పేరుతో ఉంటుంది. మెమరీలో ఎవరెవరున్నారో లిస్టు అడిగితే, తను లేనట్టే లెక్క చెబుతుంది. అలా చెప్పేట్టు రాసింది ఆయనే.

మొదట్లో కాపలాదారు చిన్నదే. తరవాత్తరవాత పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. ఇచ్చినప్పుడు బాగానే ఉంటుంది, వారం తిరక్కుండా "పెద్ద ఆటలకి సౌండు రావట్లేదండీ" అని మళ్ళీ బల్లెక్కుతుంది. స్టిక్కరు చూస్తే చెక్కుచెదరదు. బయటివాళ్ళు కాకపోతే ఇంకెవరు? ఇంట్లోవాళ్ళే. ఆయన అనుమానం నెమ్మదిగా బల్లకి అవతలి పక్కకి మళ్ళింది. తను మూత బిగించాక తమ్ముడేదో కెలుకుతున్నాడు. ఎందుకు? అన్నయ్య పనికి పేరు పోతే, తమ్ముడి పనికి పేరొస్తుంది. అంతకంటే కారణం కావాలా? కాపలాదారుకి ఇంకాస్త పని అప్పజెప్పాడు. నొక్కిన ప్రతి మీటా రాయమన్నాడు. అది రాసింది. ఫిర్యాదులు పెరిగాయి. ఇంకా పెద్దది చేశాడు. ఫిర్యాదులు ఇంకా పెరిగాయి.

రెండువందల పన్నెండో నంబరు పెట్టెతో వ్యవహారం తెగిపోయింది. అప్పటికది మూడోసారి వెనక్కి రావడం. ఆ మధ్యాహ్నం స్టిక్కరాయన లోపలింట్లో భోంచేసి, కాస్త నడుం వాల్చి వచ్చి కాపలాదారు రాసిన టైములు చూశాడు. ఒంటిగంటా పన్నెండు. ఒంటిగంటా ఇరవై అయిదు. ఒంటిగంటా నలభై. ఒంటిగంటా యాభై రెండు. నాలుగు మార్పులు. ఆ సమయానికి గదిలో ఉన్నది తమ్ముడొక్కడే. సాయంత్రం పెట్టె కోసం డాక్టరుగారి నాన్న వచ్చారు. ఆయన ఎదురుగానే తమ్ముణ్ణి నిలదీశాడు.

తమ్ముడి మొహం ఎర్రబడింది. "నేనే మార్చానన్నయ్యా. నీకు చెబుదామనే ఉన్నాను. ఒక్కసారి నీ కాపలాదారుని తీసి చూడు" అన్నాడు.

అంతే. స్టిక్కరాయన తోక తొక్కిన తాచులా లేచాడు. "విన్నారా? కాపలా తీసెయ్యమంటున్నాడు! దొంగతనం చేసేవాడు కాక ఎవడండీ కాపలా తీసెయ్యమనేది?" అని పరాయి మనిషి ముందు అరిచాడు. ఆయన పెట్టె పట్టుకుని బయటపడ్డారు, ఆ మూగ ఆటతోనే. మర్నాడు పొద్దున తమ్ముడు తన స్క్రూడ్రైవర్ల సంచీ భుజానేసుకుని, గది తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. తరవాత లిఫ్టుల కంపెనీలో చేరాడు.

తమ్ముడు వెళ్ళిపోయాక కాపలా ఎవరికోసం? స్టిక్కరాయన ఆ ప్రోగ్రాం పెట్టడం మానేశాడు. విచిత్రం, సౌండు ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి. ఇంకేముంది, ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. చూశారా, వాడు పోయాడు, పీడా పోయింది అని ఇరవై ఆరేళ్ళు చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర భార్యని అడిగాడు. "వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోతున్నారట. నీకు తెలుసా?"

"తెలుసు. కంపెనీ వాళ్ళు ఎక్కడికో దూరం మార్చారట."

"ఎవరు చెప్పారు?"

"నా తోడికోడలే. కూరగాయల దగ్గర కనిపిస్తుంది."

"ఎన్నాళ్ళనుంచి కనిపిస్తోంది?"

"ఇరవై ఆరేళ్ళనుంచి. కూరగాయలు రోజూ కొంటాం కదండీ."

ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు మజ్జిగ పోసి లోపలికెళ్ళింది.

పంతం పట్టి పనిలోకి దిగాడు. ముందు డాక్టర్ని అనుమానించాడు. స్టిక్కరు కింద వేడి గాలి కొట్టి ఊడదీసి మళ్ళీ అంటించాడేమోనని భూతద్దం పెట్టి అంచులు చూశాడు. జిగురు జిగురుగానే ఉంది. మూత తీస్తే లోపల దుమ్ము పొరమీద వేలిముద్ర కూడా లేదు. డాక్టరు చెప్పింది నిజమే. తన ఐదు పుస్తకాల చరిత్రలో 'ఎవరూ ముట్టుకోలేదు' అన్నమాట నిజమవడం ఇదే మొదటిసారి. ఆయనకి సంతోషం వెయ్యలేదు సరికదా, చిరాకేసింది. అనుమానించడానికి ఒక మనిషి తగ్గాడు.

బ్యాటరీ చచ్చి పచ్చగా కారింది, తుడిచి కొత్తది వేశాడు. సౌండు కార్డు ఊడదీసి తన బల్లమీది మెషీనులో పెట్టాడు. శుభ్రంగా మోగింది. తిరిగి దీంట్లో పెట్టి, ఆటతోపాటు వచ్చే సెటప్పులో పరీక్ష నొక్కాడు. టింగుటింగుమని ట్యూను వచ్చింది. కార్డుకో నంబరుంటుంది, ఆటకి కూడా అదే నంబరు చెప్పాలి, లేకపోతే ఒకరి మాట ఒకరు వినరు. ఆ నంబరూ సరిపోయింది. అయినా అసలు ఆటలోకి వెళ్ళేసరికి మూగనోము. లైటుహౌసు ముసలాయన గడ్డం ఊపుతూ నోరు తెరుస్తాడు, మూస్తాడు. ఒక్క ముక్క వినపడదు.

ఇంక మిగిలింది మెమరీ. ఆ కాలం మెషీన్లతో ఉన్న తంటా ఏమిటంటే, మెమరీ ఎంతున్నా ఆట కూర్చునేది మాత్రం ముందు గదిలోనే. ఆ గది కొలత ఆరువందల నలభై కేబీ. వెనకాల ఎన్ని గదులు ఖాళీగా ఉన్నా దానికి పనికిరావు. మౌసు ప్రోగ్రాము, సీడీ ప్రోగ్రాము, అదీ ఇదీ ఆ గదిలోనే సర్దుకోగా మిగిలిన చోటే ఆటకి. ఈ ఆటకి అయిదువందల తొంభై కావాలి. అంత లేకపోతే కొన్ని ఆటలు గోల పెడతాయి. ఇది మర్యాదస్తురాలు, సౌండు బయట వదిలేసి తను మాత్రం లోపలికొచ్చి కూర్చుంటుంది. లిస్టు అడిగాడు. ఆరువందల ఒకటి ఖాళీ అంది. చాలినంత ఉంది, పైన పదకొండు మిగులు. మొదలయ్యే ఫైలు కూడా చదివాడు. మౌసు, సీడీ, కీబోర్డు సాయం, సౌండు. కొత్తదేమీ లేదనుకుని మూసేశాడు. తను పెట్టిన దొంగపేరే తన కళ్ళముందు నించుంటే, ఇన్నేళ్ళ తరవాత ఆయనే గుర్తుపట్టలేదు.

గురువారమంతా ఇలాగే గడిచింది. శుక్రవారం పొద్దున టీ తాగుతూ ఓ నిర్ణయానికొచ్చాడు. మెషీను బాగుంది, కార్డు బాగుంది, మెమరీ బాగుంది, ఎవరూ ముట్టుకోలేదు. అంటే ఆ రోజు తమ్ముడు ఏం కెలికాడో అదింకా లోపలే ఉంది. కాపలాదారు తీసిన నకళ్ళు కూడా లోపలే ఉండాలి. వాటిని కాగితాల మీదికి తీసి, వాడు ఊరు దాటేలోపు వాడి చేతిలో పెట్టాలి. కూరగాయల దగ్గర ఇరవై ఆరేళ్ళు కబుర్లాడిన ఈవిడకి కూడా చూపించాలి. ఆ ఊహకే ఆయనకి నడుం నిటారుగా అయింది.

దాచిన ఫోల్డరు తెరిచాడు. ఆ నాలుగు టైములూ వరసగా ఉన్నాయి, పక్కన నాలుగు నకళ్ళు. అప్పుడు తట్టింది ఆయనకి, తను ఆ రోజు టైములే చూశాడు, నకళ్ళు తెరవనేలేదు. టైములు చూసేసరికే కోపం వచ్చేసింది, ఇంక తెరవడం దేనికి?

మొదటిది తెరిచాడు. ఒంటిగంటా పన్నెండు. మొదలయ్యే ఫైల్లో ఓ అంకె తగ్గించి ఉంది. దాని కింద, మెషీను పట్టించుకోకుండా వదిలేసే వ్యాఖ్యల వరసలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు. తమ్ముడికి అలవాటు, చేసిన ప్రతి మార్పు పక్కనా ఎందుకు చేశాడో రాసుకునేవాడు. 'ఒకటి కలిసొచ్చింది. చాల్లేదు.'

ఒంటిగంటా ఇరవై అయిదు. 'కార్డు నంబరు మార్చి చూశా. అది కాదు. పాత నంబరే ఉంచా.'

ఒంటిగంటా నలభై. ఇక్కడ 'కీబోర్డు సాయం' అన్న వరసని పనిచెయ్యకుండా ఆపి ఉంది. 'లిస్టు ఆరువందల ఒకటి అంటోంది, అబద్ధం. ఇది పద్నాలుగు తింటోంది. ఇది తీస్తే ముసలాయన మాట్లాడాడు.'

ఒంటిగంటా యాభై రెండు. ఆ వరస మళ్ళీ యథాస్థానంలో ఉంది. 'తిరిగి పెట్టేశా. అన్నయ్య రాసింది, అన్నయ్యే తియ్యాలి. నేను తీస్తే చిన్నబుచ్చుకుంటాడు. సాయంత్రం నెమ్మదిగా చెబుతా.'

స్టిక్కరాయన నాలుగు నకళ్ళూ మొదట్నించీ మళ్ళీ చదివాడు. అయినా చూడండి, మనిషి పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ స్థితిలో కూడా, 'నేనెప్పుడో చదువుతానని కావాలనే ఇలా రాసి పెట్టాడేమో' అని ఓ పక్క మనసు గొణిగింది. సరే, తేల్చేద్దామనుకున్నాడు. ఆ వరసని ఆపి, మెషీను మళ్ళీ మొదలుపెట్టి, ఆటలోకి వెళ్ళాడు.

అలల హోరు వినిపించింది. తరవాత ఎవరో గట్టిగా దగ్గి గొంతు సవరించుకుని మాట్లాడారు.

లోపల్నించి భార్య కేకేసింది. "ఎవరండీ వచ్చింది? ఎవరో పెద్దాయన దగ్గుతున్నాడు, మంచినీళ్ళు తెమ్మంటారా?"

ఆయన వరస తిరిగి పెట్టాడు. ముసలాయన మూగబోయాడు. తీశాడు. దగ్గాడు. పెట్టాడు, తీశాడు. ఆవిడ నీళ్ళ గ్లాసుతో గుమ్మంలోకొచ్చి నిలబడేసరికి ముసలాయన మూడోసారి దగ్గుతున్నాడు. స్టిక్కరాయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైందండీ?" అంది ఆవిడ, గాభరాగా.

"నేనే" అన్నాడు. "వాడు కాదు. ఆ పెట్టెలన్నిటికీ నోరు నొక్కింది నేనే. నా కాపలాదారే. వాణ్ణి అనుమానించినకొద్దీ దాన్ని పెంచాను, అది పెరిగినకొద్దీ సౌండు పోయింది, సౌండు పోయినకొద్దీ వాణ్ణి అనుమానించాను."

ఆవిడకి మెమరీల సంగతి తెలియదు గానీ, చివరి ముక్క అర్థమైంది. గ్లాసు ఆయన చేతికిచ్చి, "మరి ఇంకా ఇక్కడే కూర్చున్నారేం?" అంది.

కూర్చున్నాడు. ఆ రోజంతా కూర్చున్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? తప్పుచేసినవాడికి గుమ్మం దాటడం ఎంత కష్టమో ఇతరులకి తెలియదు. మొదటి పుస్తకం వెతికి తీశాడు. రెండువందల పన్నెండో నంబరు దగ్గర ఎడమ పక్క 'ఎవరూ ముట్టుకోలేదు' అనుంది. కుడి పక్క, 'దొరికింది' కింద, తన దస్తూరీతోనే ఒక్క మాట ఉంది: 'తమ్ముడు'. దాన్ని కొట్టేసి పక్కన 'నేను' అని రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది.

శనివారం పొద్దున డాక్టరుకి పెట్టె అప్పజెప్పాడు. ఆయన లైటుహౌసు ముసలాయన మాటలు నిలబడే విన్నాడు, పద్నాలుగేళ్ళవాడిలా నవ్వాడు. "ఇంతకీ ఏమిటండీ లోపం?" అనడిగాడు. "నాది" అని చెప్పి ఊరుకున్నాడు స్టిక్కరాయన. డాక్టరు వెళ్ళాక పుస్తకం చంకలో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు.

నాలుగు వీధులూ నడిచి తమ్ముడి బిల్డింగు చేరాడు. మూడో అంతస్తు. స్టిక్కరాయన జన్మలో లిఫ్టెక్కి ఎరగడు. తాడు తెగుతుందనీ, తలుపు పడుతుందనీ ఆయన భయాలు ఆయనవి. మెట్ల మీద ఓ కాలు పెట్టి ఆగాడు. లిఫ్టు తలుపు పక్కన చిన్న రేకుమీద సర్వీసు చేసిన తేదీ, కింద తమ్ముడి సంతకం ఉన్నాయి. కాలు వెనక్కి తీసుకుని లిఫ్టెక్కాడు.

తలుపు తీసింది తమ్ముడి భార్య. "బావగారూ!" అని నోటిమీద చెయ్యి వేసుకుని పక్కకి తప్పుకుంది. గదినిండా అట్టపెట్టెలు, తాళ్ళు, చుట్టిన పరుపులు. మధ్యలో తమ్ముడు ఒంగి ఓ పెట్టెకి టేపు వేస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. ఎడమ దవడ వాచి ఉంది. తలెత్తి చూసి, టేపు చేతిలో ఉండగానే ఆగిపోయాడు.

దారంతా కూర్చుకున్న మాటలు స్టిక్కరాయనకి ఒక్కటీ గుర్తురాలేదు.

"తీసి చూశానురా" అన్నాడు.

తమ్ముడు టేపు కింద పెట్టాడు. "మాట్లాడాడా?"

"మాట్లాడాడు. దగ్గి మరీ మాట్లాడాడు."

"ఎన్నిసార్లు చూశావు?"

"మూడుసార్లు."

తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వితే పన్ను సలిపి, దవడ పట్టుకుని ఓ అట్టపెట్టె మీద కూర్చున్నాడు. "ఆ రోజు బయటాయన ముందు నేనా మాట అనకుండా ఉండాల్సింది అన్నయ్యా. నెమ్మదిగా చెబుదామనే అనుకున్నా" అన్నాడు.

"నువ్వు నెమ్మదిగానే చెప్పావురా. తప్పు నాది. అంతా నాదే. రేపు నువ్వు వెళ్ళిపోతావు, నాకు ఈ ఒక్క రోజే మిగిలింది, అదీ నా నిర్వాకమే." స్టిక్కరాయన పుస్తకం తెరిచి ఆ పేజీ తమ్ముడి చేతిలో పెట్టాడు.

తమ్ముడు కుడి పక్క చూశాడు. కొట్టేసిన మాట చూశాడు, పక్కన రాసిన మాట చూశాడు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి చూడరా" అన్నాడు స్టిక్కరాయన. "మూడుసార్లు చూడు. అప్పుడుగానీ నమ్మకు."

"అక్కర్లేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "నువ్వు చెబితే నేనెప్పుడూ ఒక్కసారికే నమ్మేవాణ్ణి." లేచి, పక్కనున్న పెట్టె మీది సామాను దించి, అన్నయ్య కూర్చోడానికి చోటు చేశాడు.